కౌంటీ క్లబ్ వార్షిక సమావేశం నోటీసు వచ్చింది: ఏం చదవాలి, ఓటు ఎక్కడ పనిచేస్తుంది?

పన్నెండోవాడు
ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామందికి కౌంటీ సభ్యత్వం అంటే సీజన్ టికెట్టే. దాంతోపాటు ఓటు కూడా వస్తుందన్న సంగతి ఏటా వచ్చే ఆ పెద్ద పీడీఎఫ్ తెరిస్తే గానీ తెలియదు. అందులో సర్వసభ్య సమావేశం నోటీసు, ఆడిట్ అయిన లెక్కలు, తీర్మానాలు, బోర్డుకు నిలబడ్డవాళ్ల వివరాలు ఉంటాయి. సమావేశానికి వెళ్లలేనివాళ్లు తమ ఓటు వేరొకరి చేత వేయించుకునే ప్రాక్సీ ఫారం చివర్లో ఉంటుంది. వంద బంతుల లీగ్ ది హండ్రెడ్ జట్ల వాటాలు అమ్మాక క్లబ్‌లకు డబ్బు చేరుతోంది. సభ్యుల యాజమాన్యం తీసేసి కంపెనీగా మార్చాలన్న మాట కూడా కొన్నిచోట్ల నడుస్తోంది. అందుకే ఈ థ్రెడ్. చట్టం, అంకెలు, గడువులు, ఎక్కడ తప్పు జరుగుతుందో తెలిసినవాళ్లు రాయండి. సొంత గొడవలు వేరే థ్రెడ్‌లో పెట్టుకుందాం.

నైట్‌వాచ్‌మన్
ముందు మీ క్లబ్ ఏ రకమో తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే. ఫస్ట్‌క్లాస్ కౌంటీలు 18. వాటిలో హాంప్‌షైర్, డర్హమ్, నార్తాంప్టన్‌షైర్ సభ్యుల చేతిలో లేవు. మిగతా 15 సభ్యులవే. వీటిలో ఎక్కువ భాగం 2014 నాటి సహకార, సమాజ ప్రయోజన సంఘాల చట్టం కింద నమోదైన సంఘాలు. ఇక్కడ మనిషికి ఒక్క ఓటే. లక్ష పౌండ్లు విరాళమిచ్చినా, ఏడాది చందా మాత్రమే కట్టినా తేడా లేదు. సభ్యత్వంతో ఇచ్చే వాటా విలువ నామమాత్రం. దాన్ని అమ్ముకోవడం కుదరదు, సభ్యత్వం పోతే అదీ పోతుంది.

బ్రిటన్‌లో ఇలాంటి సంఘాలను నమోదు చేసే ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ వెబ్‌సైట్‌లో మ్యూచువల్స్ రిజిస్టర్ అని ఒకటుంది. మీ క్లబ్ పేరు కొట్టి వెతకండి. నియమావళి, గత ఏళ్ల వార్షిక రిటర్నులు, లెక్కలు అన్నీ ఉచితంగా దొరుకుతాయి. క్లబ్ వెబ్‌సైట్‌లో కనిపించే నియమావళి పాతది కావచ్చు, చట్టం దృష్టిలో చెల్లేది రిజిస్టర్‌లో ఉన్నదే. ఒక ప్రతి దించుకుని దగ్గర పెట్టుకోండి. ఇక్కడ ఏ ప్రశ్న అడిగినా సగం జవాబులు "మీ నియమావళి ఏమంటే అదే" అనే వస్తాయి.

గుంటూరు గూగ్లీ
హాంప్‌షైర్‌ని మన జీఎంఆర్ వాళ్లు కొన్నారు కదా, అక్కడి సభ్యులకు ఇప్పుడు ఓటు పోయినట్టేనా?

నైట్‌వాచ్‌మన్
జీఎంఆర్ రాకముందే పోయింది గూగ్లీ గారూ. సౌతాంప్టన్‌లో నార్త్‌లాండ్స్ రోడ్ పాత మైదానం వదిలి రోజ్ బౌల్‌కి వెళ్లిన కాలంలోనే, అంటే 2000 తర్వాతి తొలి ఏళ్లలోనే, అప్పుల నుంచి గట్టెక్కడానికి ఆ క్లబ్ కంపెనీ అయిపోయింది. 2024 సెప్టెంబర్‌లో జీఎంఆర్ ప్రకటించిన ఒప్పందంలో కొన్నది ఆ కంపెనీ వాటాలనే. ముందు మెజారిటీ వాటా, తర్వాత మిగతాది. విదేశీ యాజమాన్యం కిందికి వెళ్లిన మొదటి కౌంటీ అదే. రాజాం నుంచి ఎదిగి శంషాబాద్ విమానాశ్రయం కట్టిన సంస్థ కాబట్టి మనకు ఆసక్తి సహజమే. కానీ ఇప్పుడు హాంప్‌షైర్ సభ్యుడంటే ఖాతాదారుడు. సమావేశంలో ప్రశ్న అడగొచ్చు, బోర్డును దించలేడు.

సన్‌రైజర్స్ సంగతి వేరు. సన్ టీవీ వాళ్లు 2025లో నూటికి నూరు శాతం కొన్నది లీడ్స్‌లోని హండ్రెడ్ జట్టును. యార్క్‌షైర్ కౌంటీ క్లబ్ ఇప్పటికీ సభ్యులదే. ఈ రెంటినీ కలిపి మాట్లాడేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు.

పద్దుపుస్తకం
లెక్కల గురించి నేను రాస్తాను. ఛైర్మన్ సందేశం, రంగుల ఫొటోలు తర్వాత చూడొచ్చు. ముందు వెనక పేజీలకు వెళ్లండి.

మొదట "గోయింగ్ కన్సర్న్" పేరా, అంటే వచ్చే పన్నెండు నెలలు క్లబ్ నడుస్తుందా అన్న దానిపై బోర్డు మాట. ఆడిటర్ నివేదికలో దీని గురించి "మెటీరియల్ అన్‌సర్టెంటీ" అన్న ముక్క కనబడితే పెన్ను తీసి గీత గీయండి. ఆ మాట ఆడిటర్లు ఊరికే రాయరు. అప్పిచ్చినవాడో, ఇంగ్లండ్ క్రికెట్ బోర్డో ఆదుకోకపోతే బండి ఆగిపోవచ్చని దాని అర్థం.

రెండోది నగదు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఉదాహరణకు డిసెంబర్ 31న బ్యాంకులో 18 లక్షల పౌండ్లు ఉన్నాయనుకోండి. చూడటానికి పచ్చగా ఉంటుంది. పక్క నోట్‌లో "డిఫర్డ్ ఇన్‌కమ్" 14 లక్షలని ఉంటుంది. అది వచ్చే సీజన్ చందాలు, ముందే అమ్మిన టికెట్లు, హాస్పిటాలిటీ బుకింగులు. ఆ డబ్బు చేతికొచ్చింది గానీ దానికి మ్యాచ్‌లు ఇంకా ఆడించాలి. అంటే క్లబ్ సొంతమని చెప్పుకోదగింది 4 లక్షలే. నెల జీతాలే మూడు లక్షలైతే లెక్క మీకే తెలుస్తుంది.

మూడోది, ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులు. మొత్తం అప్పు ఎంతని అందరూ అడుగుతారు, తీర్చాల్సిన తేదీ ఎప్పుడని అడిగేవాళ్లు తక్కువ. కోటి పౌండ్ల అప్పు పదిహేనేళ్లకు పరుచుకుని ఉంటే దిగులు లేదు. అదే అప్పు వచ్చే అక్టోబర్‌లో తిరగరాయాల్సి ఉంటే బేరమాడే బలం అప్పిచ్చినవాడి చేతికి వెళ్తుంది. క్లబ్ నియమావళి మార్చమని షరతు పెట్టే స్థాయి వాడికి వస్తుంది.

"రిలేటెడ్ పార్టీ" నోట్ కూడా వదలొద్దు. బోర్డు సభ్యులకో, వాళ్ల కంపెనీలకో క్లబ్ ఏం చెల్లించిందో, వాళ్ల దగ్గర ఏం అప్పు తెచ్చిందో అక్కడే ఉంటుంది.

ఇక లాభనష్టాలు. టెస్ట్ జరిగిన ఏడాదిని జరగని ఏడాదితో పోల్చి "ఆదాయం పెరిగింది" అంటే దానికి విలువ లేదు. భారత్‌తో టెస్టో, యాషెస్ టెస్టో వచ్చిన ఏడాది అంకె ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది. మూడు, నాలుగేళ్లు వరసగా పెట్టి, హండ్రెడ్ వాటాల అమ్మకం లాంటి ఒక్కసారి డబ్బు తీసేసి చూడండి. ఆ తర్వాత ఇంగ్లండ్ బోర్డు నుంచి వచ్చేది పక్కన పెట్టి మిగిలిన ఆదాయం ఎంతో లెక్కేయండి. చిన్న క్లబ్‌లలో ఆ మిగులు చూస్తే గుండె జారుతుంది.

హెడింగ్లీ గ్యాలరీ
పద్దు గారు చెప్పినదానికి డర్హమ్ సాక్ష్యం. అప్పుల్లో కూరుకుపోతే 2016 అక్టోబర్‌లో ఇంగ్లండ్ బోర్డు 38 లక్షల పౌండ్ల సాయం చేసింది. దానికి బదులుగా జట్టును రెండో డివిజన్‌కి దించింది, 2017 సీజన్‌ను మైనస్ 48 పాయింట్లతో మొదలుపెట్టించింది, చెస్టర్-లీ-స్ట్రీట్‌కి టెస్ట్ హోదా తీసేసింది. అంతకుముందు పదేళ్లలో మూడుసార్లు ఛాంపియన్లైన జట్టు అది. బ్యాలెన్స్ షీట్ తప్పులకు శిక్ష పాయింట్ల పట్టికలో పడింది.

2023లో యార్క్‌షైర్‌కీ సరిగ్గా 48 పాయింట్ల కోతే పడింది, కారణం మాత్రం జాతివివక్ష వ్యవహారం. అది పాలన విఫలమైన కేసు. ఆ గొడవలోనే 2022 మార్చి 31న ప్రత్యేక సమావేశం పెట్టి బోర్డు నిర్మాణం మార్చే తీర్మానాలను సభ్యుల చేత ఆమోదింపజేసుకున్నారు. అప్పిచ్చిన ట్రస్టుకు ఛైర్మన్ నియామకంలో ఉన్న అడ్డుచెప్పే హక్కు తీసేయడం కూడా వాటిలో ఉంది. ఆ సమావేశం మొదట ఫిబ్రవరి ఆరంభంలో జరగాల్సింది, విధానపరమైన సందేహాలతో వాయిదా పడింది. దేశమంతా చూస్తున్న సమావేశానికే అలా జరిగిందంటే నోటీసు, గడువుల విషయంలో ఎంత జాగ్రత్త కావాలో చూడండి.

ఎడ్జ్‌బాస్టన్ ఎండ
గడువుల లెక్క చెప్తాను. చాలా నియమావళుల్లో "21 క్లియర్ డేస్" అనో "14 క్లియర్ డేస్" అనో ఉంటుంది. అంటే నోటీసు అందినట్టు లెక్కించే రోజు, సమావేశం రోజు రెండూ తీసేసి మధ్యలో అన్ని పూర్తి రోజులు ఉండాలి. సమావేశం 30వ తేదీన అయితే 21 క్లియర్ డేస్ కోసం నోటీసు 8వ తేదీకల్లా అందాలి. పోస్టులో పంపితే ఎన్ని రోజులకు అందినట్టు లెక్కో అదీ నియమావళిలోనే ఉంటుంది. ఇది తప్పితే ఆ సమావేశం చేసిన తీర్మానాలన్నిటికీ ముప్పే.

ఇంతకంటే ముఖ్యం, నోటీసు వచ్చేసరికే సభ్యుల సొంత తీర్మానాలకు గడువు దాటిపోయి ఉంటుంది. తీర్మానాలు, బోర్డు నామినేషన్లు అంతకు ఆరేడు వారాల ముందే, కొన్ని క్లబ్‌లలో డిసెంబర్‌లోనే ముగుస్తాయి. క్రికెట్ లేని చలికాలంలో ఎవరూ పట్టించుకోరు. మార్చిలో పీడీఎఫ్ చూసి "దీనిమీద ఒక తీర్మానం పెడదాం" అనుకుంటే పై ఏడాది దాకా ఆగాల్సిందే. నియమావళి దించుకున్న రోజే ఆ తేదీ క్యాలెండర్‌లో వేసుకోండి.

ప్రాక్సీ ఫారం సంగతి. ప్రతి తీర్మానం ఎదురుగా మూడు గళ్లుంటాయి: అనుకూలం, వ్యతిరేకం, ఓటు నిలిపివేత. మూడోది లెక్కలోకి రాదు. శాతం కట్టేటప్పుడు దాన్ని ఏ వైపూ వేయరు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంటుంది: గళ్లు ఖాళీగా వదిలితే మీ తరఫున ఛైర్మన్ తనకు నచ్చినట్టు వేయొచ్చు. సంతకం చేసి గళ్లు నింపకుండా పంపినవన్నీ ఆచరణలో బోర్డు ఓట్లే అవుతాయి. వెళ్లడం కుదరకపోతే ఛైర్మన్ పేరు కొట్టేసి, మీరు నమ్మే సభ్యుడి పేరు రాయండి, గళ్లు కూడా నింపండి. ఫారం సాధారణంగా సమావేశానికి 48 గంటల ముందు చేరాలి. వారాంతం, సెలవులు ఆ 48 గంటల్లో కలుస్తాయో లేదో ఫారం మీదే చూడండి.

పన్నెండోవాడు
హాల్లో చేతులెత్తే ఓటుకీ, పోల్‌కీ తేడా ఏంటి? ఒక్కోసారి హాలంతా వ్యతిరేకించినా తీర్మానం నెగ్గుతుంది కదా.

ఎడ్జ్‌బాస్టన్ ఎండ
చేతులెత్తితే హాల్లో ఉన్నవాళ్లే లెక్క. పోల్, అంటే ఓటుపత్రాల లెక్క, అడిగితే ప్రాక్సీలన్నీ కలుస్తాయి. ఛైర్మన్ దగ్గర ప్రాక్సీల కట్ట ఉంటుంది కాబట్టి ఆయనకు ఫలితం ముందే తెలుసు. పోల్ అడగడానికి ఎంతమంది సభ్యులు కావాలో నియమావళి చెప్తుంది. చేతుల లెక్క దగ్గరదగ్గరగా ఉంటే, ఫలితం ప్రకటించకముందే లేచి "పోల్ కోరుతున్నాం" అనాలి. ప్రకటించాక నోరు విప్పితే చాలాచోట్ల వినరు. వినే వీలున్నా అక్కడ వాదనే మిగులుతుంది.

హెడింగ్లీ గ్యాలరీ
ఓట్లు ఎంత దగ్గరగా పడగలవో చెప్పడానికి బాయ్‌కాట్ కేసు ఒక్కటి చాలు. 1983 అక్టోబర్‌లో యార్క్‌షైర్ కమిటీ జెఫ్రీ బాయ్‌కాట్‌కి కొత్త కాంట్రాక్ట్ ఇవ్వనంది. సభ్యులు పట్టుబట్టి ప్రత్యేక సమావేశం పెట్టించారు. 1984 జనవరి 21న హారోగేట్‌లో అది జరిగింది. అతన్ని తిరిగి తీసుకోవాలన్న తీర్మానం 4,115కి 3,109తో నెగ్గింది. జనరల్ కమిటీపై అవిశ్వాసం 3,609కి 3,578తో, అంటే 31 ఓట్ల తేడాతో నెగ్గింది. ఏడు వేల మందికి పైగా ఓటేస్తే 31! కమిటీ దిగిపోయింది. ఆటగాడిగా ఉంటూనే బాయ్‌కాట్ వేక్‌ఫీల్డ్ నుంచి కమిటీకి ఎన్నికయ్యాడు.

సోమర్‌సెట్‌లో దీనికి తలకిందులు. 1986లో వివ్ రిచర్డ్స్, జోయెల్ గార్నర్‌లను వదులుకోవాలని కమిటీ నిర్ణయిస్తే తిరగబడ్డ సభ్యులు నవంబర్‌లో షెప్టన్ మాలెట్‌లో సమావేశం పెట్టించారు. కమిటీయే రెండింతలకు మించిన ఓట్లతో నెగ్గింది, ఇయాన్ బోథమ్ కూడా క్లబ్ వదిలి వెళ్లిపోయాడు. జనంలో పేరున్నవాళ్లు మన వైపుంటే ఓట్లు వాటంతటవే వస్తాయని అనుకోకూడదు.

కవర్ పాయింట్
అడ్డం వస్తున్నందుకు ఏమనుకోవద్దు. సభ్యుల యాజమాన్యాన్ని ఇక్కడ మరీ ఆకాశానికెత్తుతున్నారు. స్టాండ్లు పాతబడిపోతున్నాయి, మహిళల జట్లకు వసతులు కావాలి, డ్రైనేజీ మార్చాలి. సంఘం కంపెనీలా వాటాలమ్మి పెట్టుబడి తేలేదు, అప్పే తేవాలి. ఆ అప్పే క్లబ్‌లను ముంచింది. మార్చడానికేమో చట్టం కొండంత అడ్డం పెట్టింది. ఇది సబబేనా?

నైట్‌వాచ్‌మన్
పెట్టుబడి ఇబ్బంది నిజమే కవర్ గారూ, దాన్ని కాదనను. ఆ కొండ ఎంత ఎత్తో కూడా చెప్పుకుందాం. సంఘాన్ని కంపెనీగా మార్చాలన్నా, దాని ఆస్తిపాస్తులు, బాధ్యతలు మొత్తంగా ఒక కంపెనీకి బదలాయించాలన్నా, మొదటి సమావేశంలో ఓటుహక్కు ఉన్నవాళ్లలో కనీసం సగం మంది ఓటేయాలి. వేసినవాళ్లలో నాలుగింట మూడొంతులు ఒప్పుకోవాలి. తర్వాత 14 రోజులకు తక్కువ కాకుండా, నెల దాటకుండా రెండో సమావేశం పెట్టి మెజారిటీతో ఖరారు చేయాలి. 6,000 మంది సభ్యులున్న క్లబ్‌లో 3,000 మంది ఓటేయాలి, అందులో 2,250 అవును కావాలి. మామూలు వార్షిక సమావేశంలో కొన్ని వందల ఓట్లు పోలవడమే ఎక్కువ. కాబట్టి ఇక్కడ ఓటేయకుండా ఇంట్లో కూర్చున్నవాడు కూడా మార్పును ఆపుతున్నట్టే.

నా అభిప్రాయంలో ఇది ఉండాల్సిన అడ్డే. నూట యాభై ఏళ్ల పైబడి తరాలు కూడబెట్టిన మైదానాన్ని ఒక్క సాయంత్రం హాల్లో ఉన్న నాలుగు వందల మంది అమ్మేయకూడదు. కానీ గోడకు పక్కదారి ఉంది, సభ్యులు కాపలా కాయాల్సింది అక్కడే. క్లబ్ కింద ఒక అనుబంధ కంపెనీ పెట్టి మైదానం లీజో, హోటల్ స్థలమో, హండ్రెడ్ వాటానో దానిలోకి మార్చి ఆ కంపెనీలో వాటాలు అమ్మితే, పైన చెప్పిన సగం మంది ఓటు చట్టప్రకారం అక్కర్లేదు. పైన సంఘం అలాగే ఉంటుంది, లోపల విలువ ఉండదు. దీన్ని ఆపగలిగేది నియమావళే. "ఇంత విలువకు మించిన ఆస్తి అమ్మినా, దీర్ఘకాలం లీజుకిచ్చినా, తనఖా పెట్టినా సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలి" అన్న నియమం మీ క్లబ్‌లో ఉందా? లేకపోతే చేర్పించండి. అంతకంటే పనికొచ్చే తీర్మానం నాకు కనబడదు.

కవర్ పాయింట్
ఆస్తి నియమం మంచిదే, ఒప్పుకుంటాను. దానికి మరీ చిన్న అంకె పెడితే ప్రతి రోలర్ కొనుగోలుకీ సమావేశం పెట్టాల్సొస్తుంది. స్థిరాస్తికీ, అనుబంధ కంపెనీల వాటాలకీ పరిమితం చేస్తే బోర్డు రోజువారీ పని ఆగదు. పెట్టుబడి విషయంలో నా మాట మాత్రం మారదు.

లాంగ్‌లెగ్ లలిత
తీర్మానం రాయడం గురించి. బోర్డులు తిరస్కరించేవి ఎక్కువగా రాత సరిగ్గా లేనివే. "క్లబ్ నాలుగు రోజుల క్రికెట్‌ను గౌరవించాలి" అని రాస్తే అందరూ చేతులెత్తుతారు, మర్నాడు ఏమీ మారదు. "ఇంగ్లండ్ బోర్డు దగ్గర ఛైర్మన్ ఫలానా వైపే ఓటేయాలి" అని రాస్తే, డైరెక్టర్లు తమ విచక్షణతో క్లబ్ మేలు చూడాలి, ముందే చేతులు కట్టేయకూడదు అని లాయర్ ఉత్తరం వస్తుంది. మధ్యదారి ఇలా:

"కౌంటీ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌ల సంఖ్యను మార్చే ఏ ప్రతిపాదనపైనైనా ఓటు వేయడానికి కనీసం 14 రోజుల ముందు బోర్డు సభ్యుల అభిప్రాయం సేకరించాలి. ఓటు వేసిన 7 రోజుల్లోగా ఏ వైపు వేసిందీ, ఎందుకు వేసిందీ సభ్యులందరికీ రాతపూర్వకంగా తెలపాలి."

ఇందులో ఎవరు, ఏం, ఎప్పటికి అన్నీ ఉన్నాయి. బోర్డు విచక్షణ జోలికి పోలేదు. కాదనడానికి కారణం వెతుక్కోవాలి.

ఈ ఉదాహరణ ఊరికే తీసుకోలేదు. 2022లో ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ ఆండ్రూ స్ట్రాస్ సమీక్ష ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లను 14 నుంచి 10కి తగ్గించమంది. మార్పు జరగాలంటే 18 కౌంటీల్లో 12 ఒప్పుకోవాలి. చాలా క్లబ్‌లలో సభ్యులు ముందుగా తమను అడగమని పట్టుబట్టారు, ఆ షెడ్యూల్ ముందుకు పోలేదు. 2025లో మళ్లీ చర్చ వచ్చినప్పుడూ 14 మ్యాచ్‌లే నిలిచాయి. టీ20 బ్లాస్ట్ గ్రూప్ మ్యాచ్‌లు మాత్రం 2026 నుంచి 14కి బదులు 12 అయ్యాయి.

గుంటూరు గూగ్లీ
లలిత గారూ, వార్షిక సమావేశం దాకా ఆగలేని విషయమైతే? ప్రత్యేక సమావేశం కోరే హక్కు అందరికీ ఉంటుందా?

లాంగ్‌లెగ్ లలిత
కంపెనీల్లో అయితే 5 శాతం ఓట్లున్నవాళ్లు అడగొచ్చని చట్టమే చెప్తుంది. సంఘాలకు అలాంటి ఒకే కొలత లేదు, నియమావళే దిక్కు. కొన్నిచోట్ల ఇంతమంది అని, కొన్నిచోట్ల ఇంత శాతం అని ఉంటుంది. సంతకాలు సేకరించేటప్పుడు ప్రతి కాగితం పైనా తీర్మానం పూర్తి పాఠం ఉండాలి. పేరు, సభ్యత్వ సంఖ్య, తేదీ ఉండాలి. జూనియర్లు, చందా గడువు దాటినవాళ్లు, ఓటు లేని తరహా సభ్యులు పోను లెక్క మిగలాలి కాబట్టి కావలసినదానికి పావు వంతు ఎక్కువే సేకరించండి. వంద కావాలంటే 125. ఈమెయిల్ సంతకం చెల్లుతుందో లేదో క్లబ్ సెక్రటరీని ముందే రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి.

పద్దుపుస్తకం
చివరి ఆయుధాలు రెండు చట్టంలోనే ఉన్నాయి. కనీసం ఏడాదిగా సభ్యులైన పదిమంది కలిసి అర్జీ పెడితే క్లబ్ పుస్తకాలు తనిఖీ చేయడానికి ఒక అకౌంటెంట్‌ను ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ నియమించవచ్చు. ఖర్చుకు హామీ అర్జీదారులే కట్టాలి. సభ్యుల్లో పదో వంతు, వెయ్యి మందికి మించిన క్లబ్‌లో అయితే వంద మంది అడిగితే, అదే అథారిటీ విచారణాధికారిని పెట్టడమో ప్రత్యేక సమావేశం పిలవడమో చేయవచ్చు. కారణం బలంగా చూపాలి. కోపంతో వాడితే డబ్బు పోతుంది, పని జరగదు.

కవర్ పాయింట్
బోర్డు ఎన్నిక ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు చాలా క్లబ్‌లలో సభ్యులు ఎన్నుకునేది కొందరినే. మిగతావాళ్లు నామినేషన్ల కమిటీ నియమించినవాళ్లు. క్రీడాసంస్థల పాలనా నియమావళి ప్రకారం బోర్డులో నాలుగో వంతు స్వతంత్రులు ఉండాలి, పదవీకాలం మామూలుగా తొమ్మిదేళ్లు దాటకూడదు, మహిళలు కనీసం 30 శాతం ఉండాలి. ఇవి మంచివే. ఎన్నికైనవాళ్ల సంఖ్య ఎంతకు తగ్గుతోందో చూడండి. పన్నెండు మందిలో నలుగురే ఎన్నికైతే, ఆ నలుగురూ ఒక్కమాట మీద ఉన్నా ఓటింగ్‌లో ఓడిపోతారు.

నైట్‌వాచ్‌మన్
ఇందులో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. నామినేషన్ల కమిటీ "మేం సిఫారసు చేస్తున్నాం" అని బ్యాలెట్ పత్రం మీదే ముద్రించే పద్ధతి ఉంటే దాన్నీ ప్రశ్నించాలి. అభ్యర్థులందరికీ ఒకే నిడివి, అక్షరక్రమంలో పేర్లు, ఏ గుర్తూ లేకుండా ఉంటేనే పోటీ.

గుంటూరు గూగ్లీ
మన హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌తో పోలిస్తే ఎలా ఉంటుంది?

హెడింగ్లీ గ్యాలరీ
పునాదే వేరు. అక్కడ ఓటు అనుబంధ క్లబ్‌లది, సంస్థలది. ఉప్పల్‌లో టికెట్ కొనుక్కుని కూర్చునే అభిమానికి సభ్యత్వమే లేదు. అందుకే ఒకే కుటుంబం చేతిలో ఎన్ని క్లబ్‌లు ఉన్నాయన్నది అక్కడ పెద్ద ప్రశ్న అయింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు కమిటీ 2023లో 57 క్లబ్‌లను ఓటింగ్‌కి దూరం పెట్టింది కూడా ఆ కారణంతోనే. కౌంటీలో ఓటు మనిషికి కాబట్టి ఆ బెడద లేదు. మనిషి ఓటేయకపోవడమే ఇక్కడి బెడద.

పన్నెండోవాడు
ఇంకొక్క సందేహం. నియమావళి సవరణ నెగ్గింది అనుకుందాం. ఆ రాత్రి నుంచే అమల్లోకి వస్తుందా?

నైట్‌వాచ్‌మన్
రాదు. సవరణ ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ దగ్గర నమోదయ్యేదాకా చెల్లదు. క్లబ్ పంపాలి, వాళ్లు పరిశీలించి నమోదు చేయాలి. పంపడం ఆలస్యం చేస్తే నెగ్గిన తీర్మానం అలాగే పడి ఉంటుంది. సమావేశంలోనే "ఏ తేదీకల్లా పంపుతారు?" అని అడిగి మినిట్స్‌లో రాయించండి. తర్వాత రిజిస్టర్‌లో మీ క్లబ్ పేజీ తెరిచి, పత్రాల జాబితాలో సవరణ నమోదైన తేదీ వచ్చిందో లేదో నెలకోసారి చూడండి. రెండు నెలలైనా రాకపోతే సెక్రటరీకి ఉత్తరం రాయండి, మినిట్స్ పేజీ జతచేసి.